అంతేవాసి శబ్దమును బ్రవాసవిద్యార్థియు

సంస్కృతమున విద్య నభ్యసించువానికిఁ బెక్కు పేళ్లు గలవు. శాసింపఁదగినవాఁడు గావున శిష్యుఁడు. గురుని దోషమును గొడుగువలెఁ గప్పువాఁడు గావున ఛాత్రుఁడు. సమీపమున వసించువాఁడు గావున నంతేవాసి. మొదటి పేరు గురుని యధికారమును, రెండవది శిష్యుని శీలమును దెలుపుచున్నవి. మూఁడవది మాత్రము నివాసమును దెలుపుచున్నది. చదువుటకు ముందు నిలువవలెను, నిలుచుటకు నొకరి చేరువ కావలెను అను నర్థ మీ యొక్క పదమున నిమిడియున్నది.

ఈ పదముయొక్క రూపమును విచారింపఁదగినదియే. 'అంతే' యనునది సప్తమ్యంతము. సమాసము కాఁగానే పూర్వపదముయొక్క విభక్తి లోపించుట సామాన్యవిధి. రాజుయొక్క పురుషుఁడు రాజపురుషుఁ డగునప్పుడు షష్ఠి జాఱిపోవును. అంతేవాసి యనుచోట సప్తమి పోలేదు. ఇట్టిదానిని వైయాకరణు లలుక్సమాస మందురు. యుధిష్ఠిరుఁడు, వనేచరుఁడు, సరసిజము మొదలగునవి యీ జాతివే. రెండు పదములు నొక్కటియైనవి, అర్థము నొక్కటియైనది. అయినను మొదటి పదము తన విభక్తిని విడువలేదు. దేశాంతరమునకుఁ జదువఁబోయినవాని నిలుకడయు నిట్టి సమాసమే యని తెలుఁగురచయితలు మువ్వురు వేర్వేఱు కాలములందు వేర్వేఱు తెఱఁగులఁ జూపియున్నారు. దానిని నిరూపించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఇది వట్టి శబ్దవినోదము గాదు. 2022 దాఁకఁ జిత్తూరు జిల్లాలో నుండి యా యేఁటఁ దిరుపతి జిల్లాలోఁ జేరిన శ్రీకాళహస్తి ప్రాంతమునుండియు, నట్లే తెలుఁగునాఁటి యన్ని మూలలనుండియు నేఁడు బాలురును బాలికలును సముద్రములు దాఁటి చదువఁబోవుచున్నారు. కొందఱు రెండేండ్లకుఁ బోవుదురు. కొందఱు సెమిస్టరను పేర నాలుగైదు మాసములకే పోవుదురు. పోయినవాఁడు మొదటి నెలలో నెదుర్కొనునది శాస్త్రము గాదు. అన్నము, చలి, గది, పలుకు. ఇంటివారు వానినిగూర్చి రెండు భయములు పడుదురు. వాఁ డచ్చట నెవ్వరితోను గలియఁడేమో యని యొకటి. కలిసినచోఁ దమకుఁ దక్కఁడేమో యని రెండవది. ఈ భయములు రెండును బరస్పరవిరుద్ధములు. రెంటికి నొక్క సమాధానము గలదా యనుటయే ప్రశ్నము.

ఈ విషయము వచ్చినప్పుడు తెలుఁగువారికి మొదటఁ దోఁచు గ్రంథము మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశము'. దాని మొదటి భాగము 1924 లో వెలువడినది. మొగలితుఱ్ఱు బాలుఁ డొకఁడు బారిష్టరు చదువుటకై బయలుదేఱి, రైలును బొగయోడయు నెక్కి, ఫ్రాన్సు మీఁదుగా నింగ్లండు చేరి, తుద కెడింబరాలోఁ బ్రవేశించుట యందలి కథ. గ్రంథకర్త తానును నెడింబరాలోఁ జదివినవారగుటచే నా త్రోవ కేవల మూహించి వ్రాసినది గాదు. చెన్నపట్టణమునఁ బార్వతీశము కొన్న టోపి యాఁడువారిది. ఆ సంగతి యెఱుఁగక దానిని దర్జాగా ధరించును. ఓడలో భోజనపుబల్లయొద్ద ఫోర్కును, జాకును జేతఁబట్టి యగచాట్లు పడును. చదివినవా రెల్ల నవ్విరి, నేఁటికిని నవ్వుచున్నారు.

అయినను నవ్వునకుఁ గారణము పార్వతీశముయొక్క మూర్ఖత గాదు. వాని ప్రతిచేష్టకును మొగలితుఱ్ఱులో నర్థము గలదు. అచ్చటి యర్థమును విధి తెలియక యిచ్చటి వస్తువుతోఁ గూర్చుటచే నది వికృతమగుచున్నది. సంస్కృతపదముతోఁ దెలుఁగుపదమును గూర్పరానిచోటఁ గూర్చినచో వైరిసమాస మందురు. అందు రెండు పదములలో నేదియుఁ దప్పు గాదు, కూర్పే తప్పు. పార్వతీశముయొక్క టోపి యట్టి వైరిసమాసము. తల మంచిదే, టోపియు మంచిదే.

ధాతుపాఠమున 'వస' ధాతువు నివసించుట యను నర్థమున భ్వాదియందును, గప్పుకొనుట యను నర్థమున నదాదియందును బఠింపఁబడినది. వాసము మొదటిదానినుండియు, వస్త్రము రెండవదానినుండియు వచ్చినవి. ఇవి భిన్నధాతువులే, కాని ప్రవాసికి మొదటి దినములందు రెండవ ధాతువే పని గల్పించును. వేషము కుదిరినచో వాసము కుదిరినట్లే యని వాఁ డనుకొనును. గాంధిమహాత్ముఁడును 1888 లో లండనునకుఁ జదువఁబోయి, యెత్తైన పట్టుటోపి కొని, నృత్యమును ఫిడేలును నేర్వఁబూని, కొలఁది మాసములకే వాని నిష్ఫలత నెఱిఁగి మానుకొనెను. మాంసము ముట్ట నని తల్లికిచ్చిన మాట మాత్రము మానుకొనలేదు. ఆ మాటయే వానిని శాకాహారుల భోజనశాలకును, దన్మూలమున నా నగరపు శాకాహారసంఘమువారి స్నేహమునకును దెచ్చినది. కొన్న టోపి వానికి మిత్రులను సంపాదింపలేదు. ఇంటినుండి తెచ్చిన నియమము సంపాదించినది.

'బారిష్టరు పార్వతీశము' రెండవభాగము చాలకాలమునకు వెలువడినది. అందు నెడింబరాలోని విద్యార్థిదశయు, మూఁడవభాగమున స్వదేశమునకు మరలిన పిదపటి జీవితమును వర్ణితములు. మొదటి భాగమునందలి హాస్యము తరువాతివానియందు సన్నగిల్లె నని పాఠకులు సాధారణముగాఁ జెప్పుకొందురు. సన్నగిల్లుట నిజమే. అది దోషమా యనునది విచార్యము. దీనికి సమాధానము చెప్పుటకు ముందు, పరదేశమున నివసించుట యనఁగా నేమో పూర్వకవులయొద్దఁ దెలిసికొనవలెను.

ఆంధ్రమహాభారతమున నాదిపర్వమందు నన్నయభట్టు చెప్పిన కచుని కథ మూలమునఁ బ్రవాసవిద్యార్థి కథ. యుద్ధమునఁ జచ్చిన దానవులను శుక్రుఁడు మృతసంజీవనిచే బ్రదికించుచుండఁగా, నా విద్య లేని దేవతలు బృహస్పతికుమారుఁడైన కచుని వృషపర్వుని పురమునకుఁ బంపిరి. శత్రువుల యూరు, శత్రువుల గురువు. అచ్చట నిలిచి కచుఁడు మొట్టమొదటఁ జేసిన పని తన పేరును దండ్రి పేరును దాఁపక చెప్పుట. శుక్రుఁడును మాన్యుని కుమారుఁ డని వానిని మన్నించి స్వీకరించెను.

ఇదే భారతమునఁ గర్ణుఁడు బ్రాహ్మణుఁడ నని చెప్పి పరశురామునియొద్ద నస్త్రములు నేర్చెను. నిజము తెలిసినపిదప గురుఁడు శపించెను. వలయునప్పు డా విద్య స్ఫురింపకపోయెను. కర్ణునిది విభక్తి లోపించిన సమాసము. చేరుట సులభమైనది గాని, తా నెవఁడో తెలిసినదినమున సమాసము విఱిగినది. కచునకును దుదిని శాపము తప్పలేదు. కాని యది వంచనవలన వచ్చినది గాదు, దేవయాని కోరికను నిరాకరించుటవలన వచ్చినది. ఆ విద్య తనకు ఫలింపకున్నను దనవలన నేర్చినవారికి ఫలించు నని కచుఁడు చెప్పి మరలెను. దేవతలు వానిని బంపిన పనియు నట్లే నెఱవేఱినది.

పేరు దాఁపలే దని కచుఁడు తన యింటి తీరునే యచ్చట నడపఁబూనలేదు. గురునకు శుశ్రూష చేసెను. గురుపుత్రిక మనసెఱిఁగి మెలఁగెను. దేవగురుని కుమారుఁడయ్యు నడవికిఁ బోయి పసులను గాచెను. దానవులు వానిని వధించినది యట్లు పసులతోఁ బోయినప్పుడే. ఆ సాయంకాలమును నన్నయ దేవయాని నోటఁ జెప్పించిన పద్యము సుప్రసిద్ధము. వధను గవి విస్తరింపలేదు. ఇంట నున్న యాఁడుబిడ్డకుఁ దోఁచినవానినే చెప్పెను: ప్రొద్దు క్రుంకినది, తండ్రి హోమములు ముగిసినవి, కాపరి లేకయే పసులు మరలినవి, వాఁడు రాలేదు. రసజ్ఞులు దీనిని సంధ్యావర్ణనమనియు, ననురాగసూచకమనియు మెచ్చుదురు. అవి రెండును యుక్తములే. కాని కథాగమనమున దీనికి వేఱొక ప్రయోజనము గలదు. కచుఁ డా యూర నెలకొనినాఁ డనుటకు మొదటి ప్రమాణ మీ పద్యమే. అంతకుముందు వాఁడు చేసిన శుశ్రూషయంతయు వాని ప్రయత్నము. ప్రొద్దు క్రుంకినను రాలేదని యొకరు కలఁతపడుట యెదిరిపక్షపు ప్రత్యుత్తరము. ఎన్నియేం డ్లున్నను, నెంత చదివినను, నిట్లడుగువారు లేనిచోట మనుష్యుఁడు విడిసినట్లే గాని వసించినట్లు గాదు. అంతేవాసి పదమందలి 'అంతే' యెవరి చేరువ యనిన, రాలే దని యడిగినవారి చేరువ.

అయినను గచుని పరీక్ష యొకవిధమున సులభమైనది. దేవతలకును దానవులకును వైరమున్నను గురుమర్యాదయు, హోమమును, భాషయు సమానములు. రెండు పక్షములకును సామాన్యధర్మ మేదియు లేనిచో నేమగును? ఈ ప్రశ్నమునకు ధూర్జటి 'కాళహస్తిమాహాత్మ్యము'నఁ జెప్పిన తిన్నని కథ సమాధానము. తిన్నఁడు విద్యార్థి గాఁడు. వాని కథ భక్తికథ. దానిని మఱియొకటిగాఁ జేయఁబనిలేదు. కాని యొక యూరివాఁడు వేఱొకచోట నిలుచుటను మెట్టు మెట్టుగాఁ జూపుటలో దీనికి సాటివచ్చు రచన యరుదు. కావున నిచ్చట నుదాహరింపఁబడుచున్నది.

ఉడుమూరి బోయదొర కొడుకైన తిన్నఁడు వేఁటలో నలసి నిద్రించి, కలలో నెఱిఁగిన గుఱుతు పట్టి మొగలేటి చేరువ శివలింగమును గనుఁగొనును. వాని మొదటి మాటలు స్తోత్రము గావు. ఈ యడవిలో నొంటిగా నేల యుంటివి, తినుట కేమున్నది, మృగభయము లేదా, మా యుడుమూరికి రమ్ము అని లింగమును బ్రతిమాలును. రమ్మని యూరక పిలువక, యచ్చట దొరకు తిండ్లను, సుఖములను నొక్కొక్కటిగాఁ బేర్కొనును. దీనిని బాలుని ముగ్ధత్వముగా మాత్రమే గ్రహించినచో ధూర్జటి సూక్ష్మత తెలియదు. క్రొత్తచోటికి వచ్చినవాని మొదటి దశ యిదియే. వాఁ డా చోటిని జూడఁడు; తన యూర నుండి యచ్చట లేని వస్తువులనే చూచును. మంచుదేశమునుండి యింటికి వ్రాయు బాలుఁడు గోంగూరను, జింతచిగురును దలంచుకొనుట యీ పద్యముల జాతిలోనిదే. అది నిందింపఁదగినది గాదు, దాఁటవలసినది.

లింగము కదలలేదు. అప్పుడు తిన్నఁడే కదలుట మానెను. తోడివారు పిలిచినను, దలిదండ్రులు పిలిచినను బోలేదు. ఇది రెండవ దశ. ఆ పిదపఁ బూజ. వాఁ డెఱిఁగిన మేలైన యాహారము మాంసము; దానిని గాల్చి, రుచి చూచి, మంచి తునుకలే తెచ్చెను. చేతులు తీఱకుండుటచే నీటిని బుక్కిటఁ బట్టి తెచ్చెను. పువ్వులను దలలోఁ దుఱిమికొని తెచ్చెను. ఉడుమూరి నేమియు విడువలేదు. కాని యుడుమూరికిఁ బోనును లేదు. అలుక్సమాసమునకు దీనికంటె స్పష్టమైన యుదాహరణము లేదు.

ఇఁక నా చోటివారి పక్షము. నిత్యార్చకుఁడైన శివగోచరుఁడు వచ్చి చూచి దుఃఖించెను. ధూర్జటి యీ యర్చకుని దుష్టునిగాఁ జిత్రింపలేదు. తాను శుచిగా నుంచిన గర్భాలయమున నెముకలును మాంసమును గనుట వానికి నిజమైన బాధ. క్రొత్తవాఁడు వచ్చినప్పుడు పాతవారు పడు భయమును గవి పరిహసింపక దానికిఁ దగిన గౌరవ మిచ్చెను. తీర్పు చెప్పవలసిన శివుఁడు తిన్నని నాగమము నేర్చుకొమ్మని యనలేదు. అర్చకుని నాగమము విడువు మనియు ననలేదు. చాటుననుండి చూడు మని యర్చకునితో ననెను, అంతియే. చూచువఱకు నర్చకుని దృష్టికిఁ దిన్నఁ డొక మాలిన్యము మాత్రమే. రక్త మొలుకు దేవుని కంటికిఁ దన కన్ను బెకలించి యొసఁగుచుండఁగాఁ జూచినపిమ్మట వాఁడు భక్తుఁ డయ్యెను. మాంసము మాఱలేదు, మంత్రము మాఱలేదు, చూపు మాఱినది. శ్రీకాళహస్తిలో గుడిచెంతనున్న కొండమీఁదఁ గన్నప్ప కోవెల నేఁటికిని గలదు. యాత్రికులు దిగువ నాగమపూజ చూచి, యెగువఁ గన్నప్పను సేవింతురు.

ఆ క్షేత్రనామమే యీ విషయమునఁ బాఠము చెప్పుచున్నది. శ్రీ యనఁగా సాలెపురుగు, కాళ మనఁగాఁ బాము, హస్తి యనఁగా నేనుఁగు. ఈ మూఁడు పదముల కూడికయే శ్రీకాళహస్తి యని స్థలపురాణము. పాము లింగమునకు మణు లర్పించెను. ఏనుఁగు వానిని ద్రోసి నీటితో నభిషేకించి పత్రి యుంచెను. మఱునాఁడు పాము పత్రిని ద్రోసి మణు లుంచెను. ఒకరి పూజ యొకరికి మలినముగాఁ దోఁచినది. తుదకుఁ బాము తొండమునఁ జొచ్చెను, ఏనుఁగు తల మోఁదుకొనెను, రెండును జచ్చెను. బ్రదికియున్నప్పుడు వైరులైనవి పేరులో మాత్రము ద్వంద్వసమాసమై ప్రక్కప్రక్కను నిలిచినవి. ఒండొరులను జూచుకొనుట కొక్క దినము దొరకియుండిన నీ రెండును జావవలసిన పని లేకుండెడిది. తిన్నని కథయందు శివుఁ డర్చకునకుఁ జూడు మని చెప్పుటయొక్క విలువ యీ కథను బట్టి తెలియును.

ఇప్పుడు పార్వతీశముకడకు మరలవచ్చును. మొదటి భాగమునందు హాస్యమునకుఁ గారణము తప్పుకూర్పు. ఊరు కుదిరినకొలఁదిఁ దప్పుకూర్పు తగ్గును. తగ్గినకొలఁది హాస్యమును దగ్గును. ఎడింబరాలో నెలకొన్న పిదపఁ గూడఁ బార్వతీశ మాఁడువారి టోపియే ధరించి తిరిగినచో నవ్వు నిలిచెడిది గాని, మనుష్యుఁడు నిలిచెడివాఁడు గాఁడు. బొమ్మలాటలోని కేతిగాఁ డయ్యెడివాఁడు. కావున రెండవభాగమున హాస్యము సన్నగిల్లుట వస్తువును బట్టి వచ్చిన ఫలము. దానిని గ్రంథకర్త శక్తి యుడుగుటగా నెన్నరాదు.

మఱియొక విశేషమును గలదు. మొదటి భాగమంతయుఁ ద్రోవ. త్రోవలోఁ బార్వతీశమును జూచినవారు కొందఱు నవ్విరి, కొందఱు సాయపడిరి, అందఱును గడచిపోయిరి. సాయంకాలమునకు రాలే దని యడుగఁదగినవా రెవ్వరును ద్రోవలో నుండరు. అందుచేతనే యెంత నవ్వించినను మొదటి భాగము ప్రవాసకథ మాత్రమే. వాసకథ రెండవభాగమున మొదలగును. రెంటిని వేఱుచేసి మొదటిదానినే చదువుట ధాతువును జదివి క్రియారూపమును విడుచుట వంటిది.

కథలు కల్పితములు గదా, జీవితమున నిట్లు సాధ్యమా యని శంక. చిత్తూరు చెంతనున్న కట్టమంచియే దీనికి సమాధాన మిచ్చుచున్నది. అచ్చట 1880 లో జన్మించిన రామలింగారెడ్డిగారు చెన్నపట్టణమున క్రైస్తవకళాశాలలోఁ జదువుచున్నప్పుడే 'ముసలమ్మమరణము'ను దెలుఁగుపద్యములలో రచించిరి. 1902 లో విద్యార్థివేతనమును బడసి కేంబ్రిడ్జికిఁ బోయి సెయింటు జాన్సు కళాశాలలోఁ జేరిరి. అచ్చటి విద్యార్థుల ప్రసిద్ధమైన వాదసభకు నుపాధ్యక్షులుగా నెన్నుకొనఁబడిరి. పరాయిభాషలోఁ బరాయివారి సభలోఁ గలిసిపోయినారనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు. మరలివచ్చినపిదప 1914 లో వారు ప్రకటించిన 'కవిత్వతత్త్వవిచారము' తెలుఁగున వ్రాయఁబడినది. పింగళి సూరన 'కళాపూర్ణోదయము' మీఁద వ్రాయఁబడినది. 1926 లో నాంధ్రవిశ్వకళాపరిషత్తు స్థాపింపఁబడఁగా దానికి మొదటి యుపాధ్యక్షులును వారే యైరి.

ఆ గ్రంథమందలి తీర్పులు పండితు లనేకులకు రుచింపలేదు. ప్రబంధకవులను గ్రొత్త కొలతతోఁ గొలిచి తక్కువ పఱిచె నని యాక్షేపించిరి. ఆ యాక్షేపములు కొన్నిచోట్ల సమంజసములే. వర్ణనము నలంకారశాస్త్రమర్యాదను బట్టి చూడవలసినచోఁ గథాసంవిధానమును బట్టి చూచుట యట్టిది. అయినను వివాదము కొలతనుగూర్చియే కాని భాషనుగూర్చియు వస్తువునుగూర్చియు గాదు. విదేశమునఁ గొలత నేర్చినవాఁడు తన యింటి ధాన్యమునే కొలిచెను. తరువాతివా రా కొలతను దిద్దికొనిరి, ఖండించిరి, వాడుకొనిరి. తెలుఁగువిమర్శ మట్లు పెరిగినది. నేర్చినవానికంటె నేర్పఁబడినవారికే విద్య యెక్కువగా ఫలించు నను కచుని మాట యిచ్చటను సార్థకమైనది. ముసలమ్మకథకును, సూరన విమర్శమునకును నడుమఁ గేంబ్రిడ్జి యున్నది; విభక్తి మాత్రము లోపింపలేదు.

దీనిపై నొక యాక్షేపము సంభవించును. అన్నిటిని నిలుపుకొనినచో సమాస మెట్లగును? అది వాక్యముగానే యుండును గదా యని. యుక్తమైన యాక్షేపమే. వ్యాకరణము సర్వత్ర విభక్తిని నిలుపు మని చెప్పలేదు, అలుక్కు నియతస్థలములందే. గ్రామవాసి యనియుఁ జెప్పవచ్చును, గ్రామేవాసి యనియుఁ జెప్పవచ్చును. యుధిష్ఠిరుని మాత్రము యుధ్‌స్థిరుఁ డనరాదు. అట్లే ప్రవాసికిఁ బంచెయో పంట్లామో, చేతితోఁ దినుటయో ఫోర్కుతోఁ దినుటయో వైకల్పికములు. తన పేరు చెప్పుకొనుట, యిచ్చిన మాట నిలుపుకొనుట, తెలిసినదానిలో మేలైనదానిని దెచ్చి యిచ్చుట నిత్యములు. వైకల్పికమును నిత్య మనుకొని కొందఱు గదిలోఁ దలుపు మూసికొని కూర్చుందురు. నిత్యమును వైకల్పిక మనుకొని కొందఱు కర్ణునిత్రోవఁ బోవుదురు.

ఇంటివారి భయములు రెంటికి నిందే సమాధానము గలదు. అంతేవాసి యైనవాఁడు కలియును, గలిసియుఁ దక్కును. ఆ పదముయొక్క రూపమే యందుకు సాక్షి. కావున జాబు వ్రాయునప్పుడు తలిదండ్రులు బిడ్డను, అచ్చటివారివలె నైతివా యనియు, మావలెనే యుంటివా యనియు నడుగుటకంటె, ప్రొద్దుపోయి గదికి మరలిన దినమున నేల యాలస్యమైన దని యడిగినవా రెవరైనఁ గలరా యని యడుగుట మేలు. కల రని ప్రత్యుత్తరము వచ్చినచో వారికిఁ జింత యక్కఱలేదు.